బొగ్గు పైస ఎన్ని పేర్ల మీద తిరుగుతది

మనీ లాండరింగ్ అనంగనే టీవీల ఈడీ దాడులు, నోట్ల కట్టలు యాదికొస్తయి. మన ఊరి పంచాయతీకి దానితోని ఏం పని అనిపిస్తది. కానీ ఈ బొగ్గు నేల చరిత్ర తీస్తే ఆ దందా సింగరేణి పుట్టిన రోజుల్లోనే కనిపిస్తది. పోస్టు పొడుగున్నది, జర ఓపికగ చదవండ్రి.

1871ల విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దిక్కు సింగరేణి ఊరి పక్కన బొగ్గు గుర్తించిండు. 1886ల నిజాం సర్కారు తన రాజ్యంల గనులు తవ్వుకునే హక్కును 99 ఏండ్లకు వాట్సన్, స్టీవర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషోళ్లకు రాసిచ్చింది. వాళ్లు లండన్‌ల హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టిండ్రు. మూలధనం 10 లక్షల పౌన్లని రాసిండ్రు. ఒక్కో షేరు 10 పౌన్ల లెక్కన లక్ష షేర్లు. అందుల 85 వేల షేర్లు హక్కు తెచ్చినోళ్లకే, రూపాయి కట్టకుండ, పూర్తి ధర కట్టినట్టు రాసుకున్నరు. నిజంగ నగదు కట్టింది మిగిలిన 15 వేల షేర్లకే, అదీ సగం ధర. అంటే 10 లక్షల కంపెనీల చేతిల ఉన్నది 75 వేల పౌన్లు.

ఇంకో ముచ్చట. ఈ ఒప్పందం కుదిర్చినాయన నిజాం కొలువుల హోం సెక్రటరీ అబ్దుల్ హక్. నిజాం తరఫున కంపెనీల షేర్లు కొనే పని కూడ ఆయన చేతికే వచ్చింది. 10 పౌన్ల షేరుకు 12 పౌన్లు పెట్టి కొన్నడు. ఎవరి దగ్గర కొన్నడు? ఉత్తగ తనకు దక్కిన షేర్లనే సర్కారు ఖజానాకు అమ్మిండు. అమ్మింది ఆయనే, కొన్నది ఆయనే, పైసలు మాత్రం రాజ్యానివి. 1888ల బ్రిటిష్ పార్లమెంటు కమిటీ వేసి కాగితాలన్నీ ముందట పెట్టించి విచారణ చేసింది. ఆయన పదవి ఊడింది. మనీ లాండరింగ్ అనే మాట అప్పుడు లేదు, పని మాత్రం అదే. పైసను ఒక పేరు నుంచి ఇంకో పేరుకు మలిపి, ఎక్కడినుంచి వచ్చిందో ఆనవాలు లేకుండ చేసుడు. బొగ్గును ఎంత కడిగినా తెల్లబడదంటరు పెద్దలు, బొగ్గు పైస మాత్రం కడిగితే తెల్లగైతది.

తర్వాత 1920ల సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. ఇప్పుడు అందుల రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా.

ఇగ మన కాలానికి వద్దాం. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిల ఉపాధి హామీ పథకం మొదలైంది. అందుల పేరు మార్చే ఆట మస్టర్ల మీద నడిచింది. మస్టర్ అంటే గోదావరిఖని పిలగాండ్లకు చెప్పే పనిలేదు, బాయి మీద మస్టర్ పడితేనే జీతం. ఉపాధి పనిల చచ్చిపోయినోళ్ల పేర్లు, ఊరిడిచి వలస పోయినోళ్ల పేర్లు మస్టర్ల ఎక్కినయి. ఆ పేర్ల మీద పైసలు లేసినయి. దీన్ని పట్టింది ఈడీ కాదు, సోషల్ ఆడిట్. రాజస్థాన్‌ల మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 నుంచి బహిరంగ సభల్లో బిల్లులు చదివించేది. అదే పద్ధతి 2006ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల సర్కారే తెచ్చింది. రికార్డు తీసుకుని ఇల్లిల్లు తిరిగి “నువ్వు ఇన్ని రోజులు పని చేసినవని రాసుంది, నిజమేనా” అని అడిగి, మండలంల ప్రజా వేదిక పెట్టి అందరి ముందట చదివేది. రికవరీ రాసినంత వసూలు కాలేదన్నది అందరికీ తెలిసిందే. అయినా ఎవని పేరు రాసిండ్రో వానికే ఆ కాగితం వినిపించుడు కంటె గట్టి తనిఖీ నాకు ఇంకోటి కనపడలే.

ఇప్పుడు మన దగ్గర పెద్ద కుండ డీఎంఎఫ్‌టీ, అంటే జిల్లా మినరల్ ఫౌండేషన్ ట్రస్టు. 2015 గనుల చట్ట సవరణతోని వచ్చింది. లెక్క సులువు. బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. 2015 జనవరి 12కు ముందటి లీజులైతే ఆ రాయల్టీల 30 శాతం ట్రస్టుకు కట్టాలె. అంటే వెయ్యి రూపాయల బొగ్గు పోతే 140 రాయల్టీ, దానిమీద 42 రూపాయలు దుమ్ము తిన్న ఊర్లకు రావాలె. తాగునీళ్లు, దవాఖాన, బడి, పర్యావరణం లాంటి వాటికి కనీసం 60 శాతం పెట్టాలన్నది మొదటి నిబంధన. ఓపెన్‌కాస్టు బాంబుల దెబ్బకు గోడలు పగిలిన ఊర్లకు ఈ పైస దయ కాదు, హక్కు.

గిట్లాంటి కుండల ఏం జరుగుతదో మన లెక్కనే బొగ్గు జిల్లా అయిన ఛత్తీస్‌గఢ్ కోర్బాను చూడుండ్రి. అక్కడ ఈ నిధి పనుల్లో కాంట్రాక్టు విలువల 25 నుంచి 40 శాతం దాక కమీషన్ పోయిందని ఈడీ ఆరోపించి, మనీ లాండరింగ్ చట్టం కింద అరెస్టులు చేసింది. తేల్చాల్సింది కోర్టు. ఆ చట్టం 2002ది, అమలైంది 2005 జులై 1 నుంచి. కానీ ఈడీ వచ్చేది పైస పోయినంక. ఆపాల్సింది ఊర్లనే.

2018 పంచాయతీరాజ్ చట్టం చెక్కు మీద సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరి సంతకం పెట్టింది. మంచిదే. ఇద్దరి వెనుక ఒక్కడే కాంట్రాక్టరుంటే మాత్రం రెండు సంతకాలూ ఒక్క సంతకమే. గోదావరిఖని కార్పొరేషన్ కింద పోయింది, అక్కడ గ్రామసభ లేదు. రామగిరి, కమాన్‌పూర్, మంథని దిక్కు ఊర్లకు ఉన్నది. దాన్ని ఫొటో దిగి లేచిపోయే సభ చేస్తున్నం.

రైతులుగ మనకు తగిలే సంగతి ఇంకోటున్నది. ఎవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. అందుకే కమీషన్ తిన్నోడు ఆ పైసను పంట పైస అని చూపిస్తడు. నమూనాకు తీసిన కేసుల్లో ఐదో వంతుకు మించి, సరైన కాగితాలు చూడకుండనే ఎవసాయ మినహాయింపు ఇచ్చిండ్రని 2019ల కాగ్ చెప్పింది. మనకేమో ఎకరానికి పెట్టుబడి ఎల్లుడే కష్టం, వాళ్లకు మాత్రం లక్షలు పండుతయి. గా లెక్క కుదరాలంటే కౌలు కాగితమో, పాసుబుక్కు జిరాక్సో, మీ బ్యాంకు ఖాతానో కావాలె. “ఊకె నీ ఖాతాల వేస్తం, తీసియ్యి, నీకింత” అని అడుగుతరు. రేపు నోటీసు వచ్చేది ఖాతా ఎవరి పేరు మీదుంటే వాళ్లకు.

మరి ఏం అడగాలె? పంచాయతీ పద్దులు ఈగ్రామ్ స్వరాజ్‌ల ఫోన్‌లనే కనపడతయి, ఊరి పేరు కొట్టి చూడండ్రి. పని పేరు, బిల్లు ఎవరికి పోయిందో రాసుకొని గ్రామసభకు రాండ్రి. ఎంబీ బుక్కు నకలు సమాచార హక్కు కింద అడగండ్రి, గ్రామ స్థాయిల ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, జిల్లాల 10. ఎంబీల 200 మీటర్ల సీసీ రోడ్డు అని ఉంటే టేపు పట్టుకొని పోండ్రి. లంచం ముచ్చటైతే ఏసీబీ నంబరు 1064. టేపు కొలిచేటప్పుడు ఒక్కరే పోవద్దు, పది మంది పోండ్రి, అందుల ఆడోళ్లు సగం ఉండేటట్టు చూసుకోండ్రి.