శుక్రవారం రాత్రి తెల్ల బూట్లు

గ్రిబుల్ 1875లో రాసిన కడప మాన్యువల్, నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1886లో రాసిన కర్నూలు మాన్యువల్, బ్రాకెన్‌బరీ 1915లో తెచ్చిన కడప గెజిటీర్ - మా ప్రాంతం గురించి ఏం రాయాలన్నా మేమంతా వీటి దగ్గరికే పోతాం. శిస్తులు, కరువులు, కాలువలు, పంటలు అన్నీ అక్కడ దొరుకుతాయి. నేను రాయాలనుకున్న వస్తువు మాత్రం అప్పటికి మా సీమకు రానేలేదు. అది తెల్ల కాన్వాసు బూటు. ఇది కూడా ఒక చరిత్రేనా అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఒక తరం ఆడవాళ్ళు తమ శుక్రవారం రాత్రులు దేనికి ఖర్చు పెట్టారో రాయడానికి నాకు ఇంతకంటే మంచి ఆధారం దొరకలేదు.

1970ల్లో నేను కర్నూల్లో బడికి పోయేదాన్ని. వారంలో అయిదు రోజులు నీలం పావడా, నల్ల బూట్లు. శనివారం మాత్రం అంతా తెలుపే. చొక్కా తెలుపు, పావడా తెలుపు, రిబ్బన్లు తెలుపు, మేజోళ్ళు తెలుపు, బూట్లు తెలుపు. ప్రార్థన తర్వాత డ్రిల్లు మాస్టారు వరసల మధ్య తల వంచుకుని నడిచేవాడు. ఆయన మా మొహాలు చూసేవాడు కాదు, పాదాలు చూసేవాడు. మరక కనిపిస్తే వరస బయటికి. మా మిద్దె నుంచి బడికి పోయే దారి వానొస్తే నల్లరేగడి బురద, రాకపోతే దుమ్ము. ఆ దారిన నడిచి తెల్లగా చేరుకోవడమే మాకు మొదటి పరీక్ష. ఆ పరీక్షకు ముందు రాత్రి కూచుని తయారయ్యేది మా అమ్మ.

ఆ పని ఎలా జరిగేదో వివరంగా రాస్తాను, ఎవరూ రాయలేదు కాబట్టి. బురద అంటిన బూటును వెంటనే తడపకూడదు. తడిపితే రేగడి గుడ్డ నేతలోకి దిగిపోతుంది. ఆరనిచ్చి, రెండు బూట్లనూ ఒకదానికొకటి కొట్టి, కొబ్బరిపీచుతో దులపాలి. లేసులు ఊడదీసి విడిగా నానబెట్టాలి. లోపలి అట్ట బయటికి తీయాలి, తీయకపోతే తెల్లారేసరికి ఆరదు. తర్వాత సబ్బునీళ్ళతో పాత పళ్ళ బ్రష్షు పెట్టి ముందు రబ్బరు అంచు, ఆ తర్వాత గుడ్డ. లేసులు దూర్చే కన్నాల చుట్టూ ఇనుప తుప్పు దిగి గోధుమరంగు మచ్చలు పడేవి. వాటికి నిమ్మచెక్క, ఉప్పు. బ్లీచింగు పౌడరు జోలికి పోతే గుడ్డ పీలికలవుతుంది, రబ్బరు పచ్చబడుతుంది. చివర్న నీలిమందు ఒక్క చుక్క.

అంతా అయ్యాక బూటు చుట్టూ తెల్ల కాగితం తడిగా అంటించి, ఎండలో కాకుండా నీడన ఆరబెట్టడం అమ్మ కనిపెట్టిన కిటుకు అనుకునేదాన్ని. కెమిస్ట్రీ చదువుకున్నాక అర్థమయింది, గుడ్డలో మిగిలిన సబ్బు తేమతోపాటు పైకి వచ్చి బూటు మీద పసుపు చారలుగా నిలిచే బదులు కాగితం మీద నిలుస్తుంది. అమ్మ కెమిస్ట్రీ చదవలేదు. రెండు జతలు చారలు కట్టి చెడిపోయాక మూడో జతకు నేర్చుకుంది. ఇంకా మచ్చ కనిపిస్తే సుద్దముక్క. సుద్దముక్క లేకపోతే ముగ్గుపిండి. పొద్దున వాకిట్లో ముగ్గేసిన చేతితోనే నా బూటు బొటనవేలి దగ్గర ఇంత పిండి రుద్ది పంపేది. డ్రిల్లు మాస్టారు దాటిపోయేదాకా అది రాలకుండా ఉంటే చాలు.

ఈ తెలుపు మా ఊళ్ళో పుట్టింది కాదు. సైన్యం నుంచి వచ్చింది. 1800లో నిజాం మా జిల్లాలను కంపెనీకి ధారాదత్తం చేశాడు, 1839లో కర్నూలు నవాబును పట్టుకుపోయారు. ఆ కాలపు సిపాయి ఛాతీ మీద అడ్డంగా వేసుకునే తెల్ల పటకాలకు పైప్‌క్లే అనే తెల్లమట్టి పూసేవారు. పూయడం, ఆరబెట్టడం, తనిఖీ. 1880ల్లో షెఫీల్డ్‌లో పికరింగ్ కంపెనీ ఆ మట్టికి బదులు బ్లాంకో అనే పూత బిళ్ళలు తయారుచేసింది. సైన్యం పటకాలకు పూసిన ఆ బ్లాంకోనే టెన్నిసు బూట్లకూ పూశారు. టెన్నిసు దొరల ఆట, బూట్లు తెల్లబరిచేది నౌకర్లు. రబ్బరు అడుగుతో గుడ్డ బూటు 1830ల నుంచే ఇంగ్లండులో ఉన్నా, మనకు అందుబాటు ధరలో దొరికింది 1930ల్లో కలకత్తా దగ్గర బాటానగర్ వెలిశాకే. 1936లో అక్కడ మొదలైన బాటా టెన్నిస్ బూటు క్రమంగా దేశమంతా బడిపిల్లల బూటయింది. కంటోన్మెంటు తనిఖీ బడి ఆవరణలోకి నడిచి వచ్చింది. నౌకరు మాత్రం వెంట రాలేదు. ఆ ఖాళీలో తల్లి కూచుంది.

ఇక్కడ నన్ను చాలాకాలం తొలిచిన ప్రశ్న ఒకటుంది. మా ఇంట్లో నల్ల తోలు బూట్లకు పాలిష్ వేసేది నాన్నా తమ్ముడూ. ఆదివారం పొద్దున వరండాలో పేపరు పరుచుకుని, చెర్రీ బ్లాసమ్ డబ్బా మూత తీసి, ఈల వేసుకుంటూ. తమ్ముడు వేసిన పాలిష్‌లో మొహం కనిపిస్తోందని నాన్న వచ్చినవాళ్ళకు చూపించి మరీ మెచ్చుకునేవాడు. తెల్లబూట్లు మాత్రం, తమ్ముడివైనా సరే, అమ్మవే. నాకు పదేళ్ళు నిండాక నావి. పాదం అదే, బడి అదే. పని ఇట్లా రెండుగా ఎందుకు చీలింది?

తోలు దగ్గరే దీనికి జవాబు ఉందని నాకనిపిస్తుంది. ఈ దేశంలో తోలు ఒట్టి వస్తువు కాదు, కులం. 1806లో వెల్లూరులో మద్రాసు సైన్యపు సిపాయిలు తిరగబడ్డారంటే, కొత్త తలపాగాలో పెట్టిన తోలు కుచ్చు కూడా అందుకు ఒక కారణం. తోలు బూటు గడప లోపలికి రాదు, నీళ్ళలో మునగదు. అది బయట మెరిసే వస్తువు, మగవాళ్ళ వస్తువు. కాన్వాసు బూటు గుడ్డ. గుడ్డ కాబట్టి ఉతకాలి, ఉతకాలి కాబట్టి ఆడవాళ్ళు ఉతకాలి. ఎవరూ చర్చించి నిర్ణయించలేదు. తోలు లేకపోవడమే ఆ బూటును వరండా నుంచి పెరట్లోకి తీసుకుపోయింది.

అయినా పూర్తిగా గుడ్డ కూడా కాలేదు. మా ఇంటికి గుడ్డలు తీసుకుపోవడానికి వచ్చే చాకలామె బూట్లు ముట్టేది కాదు, "అది నా పని కాదమ్మా" అనేది. ఆమె అన్నది న్యాయమే. మా అవ్వ గుడ్డలుతికే నాపబండ మీద బూట్లు పెట్టనిచ్చేది కాదు. అందుకని జాలాడిలో, అంటే బోకులు తోమే చోట, తూముకు దగ్గరగా, చిల్లుపడిన వేరే బకెట్టుతో ఆ పని జరిగేది. అమ్మ కింద కూచుని చేసేది. నడుము నొప్పి అప్పటిదేనని ఇప్పుడంటుంది.

ఇక నీళ్ళు. సీమలో ఏ కథైనా చివరికి అక్కడికే వస్తుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురిసే జిల్లాలివి. కర్నూలు - కడప కాలువ తవ్వింది ఒక ప్రైవేటు కంపెనీ. పడవలూ నడపాలని, పొలాలూ తడపాలని అనుకుంది, లాభం రాలేదు, 1882లో ప్రభుత్వం కొనేసుకుంది. దాదాపు 300 కిలోమీటర్ల ఆ కాలువ ఎన్ని ఎకరాలు తడిపిందో ఏటేటా లెక్క కట్టారు. ఇంట్లోకి వచ్చిన నీటిలో ఏ బిందె దేనికి పోయిందన్న లెక్క ఆడవాళ్ళ నోట్లోనే ఉండిపోయింది. ఎండాకాలం మాకు కొళాయి రోజు విడిచి రోజు. బియ్యం కడిగిన నీళ్ళు ఒకదానికి, గుడ్డలు జాడించిన రెండో నీళ్ళు ఇంకోదానికి. బూట్లకు దక్కేది ఆ రెండో నీళ్ళే. బూట్లు కడిగిన నీళ్ళు గన్నేరు చెట్టుకు. కడపటి జాడింపుకు మాత్రం మంచినీళ్ళు కావాలి, లేకపోతే చారలు. ఆ ఒక్క బిందె దగ్గర అమ్మ గొంతు మారేది. "తాగనీకి లేవంటే బూట్లకు పొయ్యనీకి యాడుండాయ్ మే?" అనేది. అంటూనే పోసేది.

పైగా మావి సున్నపురాయి నేలలు, బోరునీళ్ళలో ఆ సున్నమంతా ఉంటుంది. సబ్బు రుద్దితే నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఆ తెట్టు వదలాలంటే మళ్ళీ నీళ్ళు. 1959లో సర్ఫ్ వచ్చినా మా ఇళ్ళలో అది చుట్టాలొస్తే తీసే వస్తువు. 1969లో అహ్మదాబాదులో మొదలైన నిర్మా మా అంగళ్ళకు చేరాక తెట్టు బాధ తగ్గింది, అరచేతులు పగలడం మొదలయింది. పత్తి సంగతి కూడా చెప్పాలి. నంద్యాల వైపు పండే పత్తిని వ్యాపారులు నార్తర్న్స్ అని పేరు పెట్టి కొనేవాళ్ళు. ఆదోని పెద్ద పత్తి బజారు. పత్తిని ఇచ్చేది ఏ నల్లరేగడో, గుడ్డయి తిరిగొచ్చాక దాన్ని మరక చేసేదీ అదే. పొలంలో పత్తి తీసేదీ, ఇంట్లో మరక తీసేదీ ఆడవాళ్ళే.

తెల్ల శనివారం ఆడపిల్లల మీద ఇంకొక బరువు కూడా పెట్టింది. ఎనిమిదో తరగతి నుంచి మాలో చాలామందికి ఆ రోజు కడుపునొప్పి, జ్వరం, చుట్టాలింట్లో పెళ్ళి. అసలు కారణం అందరికీ తెలుసు, హాజరు పట్టీలో మాత్రం ఉండదు. బూటు మీద మరకకు ముగ్గుపిండి ఉంది, పావడా మీద మరకకు ఏముంది? వింబుల్డన్‌లో తెలుపు తప్ప మరో రంగు కుదరదన్న నియమం నుంచి ఆడవాళ్ళకు ముదురురంగు లోదుస్తుల మేరకైనా సడలింపు దొరికింది 2023లో. ప్రపంచ ఛాంపియన్లకే అన్నేళ్ళు పట్టింది.

ఇదంతా ఒకసారి కడపలో నాతోపాటు డిగ్రీ చదివిన స్నేహితురాలికి చెప్పాను. ఆమె మాదిగ ఇంటి పిల్ల, ఇప్పుడు ప్రభుత్వ బడిలో టీచరు. అంతా విని, "నీకు బూట్లు బరువు. నాకట్లా కాదు" అంది. వాళ్ళ అవ్వ పెద్దకులాల వీధిలోంచి పోవాల్సి వచ్చినప్పుడు చెప్పులు విప్పి చేతిలో పట్టుకుని, వీధి దాటాక వేసుకునేదట. ఆ చెప్పులు కుట్టింది వాళ్ళ తాతే. ఈమె హాస్టల్లో చేరిన ఏడాది ఎన్‌సీసీ అక్క వదిలేసిన పాత తెల్లబూట్లు దొరికాయి, రెండు సైజులు పెద్దవి. ముందు గుడ్డ కుక్కి వేసుకుంది. సెలవులకు ఊరికి పోయినప్పుడు బస్సు దిగి, అవ్వ విప్పిన అదే వీధిలో ఆ బూట్లతో నడిచింది. ఎవరూ ఏమీ అనలేదట. "అన్నా వినపడేది కాదు, నా గుండె అంత గట్టిగా కొట్టుకుంటాంది" అంది. ప్రతి రాత్రీ కడిగేదాన్నని, ఎవరూ కడగమనలేదని, మాపిన బూట్లతో ఆ వీధిలో నడిస్తే వాళ్ళకు మాట దొరుకుతుందని చెప్పింది.

ఇప్పటికీ నేను ఈ రెండు కథలనూ ఒకదానిలో ఒకటి ఇమడ్చలేను. ఇమడ్చాలనీ అనుకోవడం లేదు. మా అమ్మ బూట్లు కడిగింది తనిఖీకి భయపడి. నా స్నేహితురాలు కడిగింది వీధిని గెలవడానికి. కడిగిన చేతులూ, పోసిన నీళ్ళూ, పగిలిన వేళ్ళూ ఒకటే. ఇంటిచాకిరీని మనం ఒకే మాటగా, అందరిదీ ఒకే బాధగా రాసేటప్పుడు ఈ తేడా జారిపోతోందేమోనని నా అనుమానం. ఆమె మాట్లాడాక నా వ్యాసంలో మొదట రాసుకున్న రెండు పేజీలు పక్కన పెట్టాను.

ఇప్పుడు తెల్లబూటు ఫ్యాషన్. కడప ఏడురోడ్ల సెంటర్లో ఏ కుర్రాణ్ణి చూసినా కాళ్ళకు తెల్ల స్నీకర్లే. మా అక్క మనవడు తన జతను తనే కడుక్కుంటాడు, టూత్‌పేస్టుతో రబ్బరు అంచు రుద్దడం ఫోనులో చూసి నేర్చుకున్నాడట. వాళ్ళమ్మ స్కూలు బూట్లు మాత్రం వాళ్ళమ్మే కడుగుతోంది అంటే, ఆ పాప టీచరు ఉద్యోగానికి వేసుకుపోయే కాన్వాసు బూట్లు. వాటి మీదికి వాడి బ్రష్షు ఇంకా రాలేదు.

ప్రభుత్వ బళ్ళలో 2020 అక్టోబరు నుంచి ఉచిత కిట్టులో బూట్లు కూడా ఇస్తున్నారు. ప్రభుత్వం మారాక కిట్టు పేరు మారింది, బూట్లు ఉన్నాయి. అవి నల్లవి. నా స్నేహితురాలు కాగితం మీద పిల్లల పాదాలు పెట్టించి కొలతలు తీసుకున్న రోజు, పాదం పెట్టడానికి సిగ్గుపడి మడమలు తుడుచుకున్న ఆడపిల్లలు ఉన్నారని చెప్పింది. కిట్లు పంచిన రోజు తల్లులు కూడా వచ్చారట. డబ్బా మూత తీసి చూసి, వాళ్ళలో ఒకామె మొదట అడిగిన ప్రశ్న: "ఇవి తడపాల్నా టీచర్, గుడ్డతో తుడిస్తే సాల్నా?" తుడిస్తే చాలంటే పక్కనున్న ఆమెను మోచేత్తో పొడిచి నవ్విందట.