ఒక టీవీ, మూడు రిమోట్లు: ఇదెలా మొదలైంది?

మీ టీవీ ముందు ఎన్ని రిమోట్లు ఉన్నాయో ఒకసారి లెక్కపెట్టండి. టీవీది ఒకటి, సెట్‌టాప్ బాక్స్‌ది ఒకటి, సౌండ్‌బార్‌దో స్ట్రీమింగ్ స్టిక్‌దో ఇంకోటి. మనకి అలవాటైపోయింది. కానీ మనం ఇంట్లో లేనప్పుడు అమ్మమ్మో తాతయ్యో "నో సిగ్నల్" అన్న స్క్రీన్ చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది. తప్పు వాళ్ళదా? చరిత్ర చూస్తే కాదనే అంటాను.

మొదట్లో రిమోట్ చాలా సింపుల్. అమెరికాలో జెనిత్ కంపెనీ 1950లో వైరు ఉన్న రిమోట్ తెచ్చింది. 1955లో యూజీన్ పాలీ టార్చిలైటులా వెలుతురుతో పనిచేసే రిమోట్ తయారుచేశాడు. ఎండ పడితే టీవీ దానంతటదే స్పందించేది! 1956లో రాబర్ట్ ఆడ్లర్ శబ్దంతో పనిచేసేది తెచ్చాడు. బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి అల్యూమినియం కడ్డీని కొడుతుంది. మన చెవికి అందని ఆ శబ్దం టీవీకి వినిపిస్తుంది. రిమోట్‌కి బ్యాటరీ కూడా అక్కర్లేదు.

తర్వాత ఇన్‌ఫ్రారెడ్ వచ్చింది, వీసీఆర్ వచ్చింది. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. ఒక్కో కంపెనీ తన సొంత కోడ్ పెట్టుకుంది. ఒకరి రిమోట్ భాష ఇంకొకరి పెట్టెకి అర్థం కాదు.

యాపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ 1987లో వేరే రిమోట్ల కోడ్లన్నీ నేర్చుకునే రిమోట్ తెచ్చాడు. ఐడియా బాగుంది, కానీ దాన్ని సెట్ చేసుకోవడం మామూలు మనిషికి తేలిక కాదు. అంటే చిక్కు తీయడానికి ఇంకో చిక్కు.

ఫ్రాన్స్ వేరే దారి పట్టింది. 1980 నుంచి అక్కడ అమ్మే కొత్త టీవీలకి స్కార్ట్ అనే 21 పిన్నుల సాకెట్ తప్పనిసరి చేసింది. ఒక్క కేబుల్‌లోనే బొమ్మ, శబ్దం రెండూ వెళ్ళేవి.

2002లో హెచ్‌డీఎంఐ వచ్చింది. అందులో సీఈసీ అనే సదుపాయం ఉంది. ఒక పెట్టె ఆన్ చేస్తే టీవీ కూడా ఆన్ అవుతుంది, ఇన్‌పుట్ దానంతటదే మారుతుంది. ఇంకేం కావాలి? కానీ పరికరంలో సీఈసీ పెట్టాలా వద్దా అన్నది కంపెనీల ఇష్టానికే వదిలేశారు. పైగా ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. శాంసంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. పేరు తెలియకపోతే సెట్టింగ్స్‌లో ఎలా వెతుకుతాం?

మన దగ్గర కేబుల్ డిజిటల్ అయినప్పుడు రెండో రిమోట్ దాదాపు అందరి ఇళ్ళలోకీ వచ్చింది. హైదరాబాద్, విశాఖపట్నాలకి ప్రభుత్వం పెట్టిన గడువు 2013 మార్చి 31. చాలా ఇళ్ళలో ఆ బాక్సుని పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతోనే కలిపారు. ఆ వైర్లలో సీఈసీ పనిచేయదు.

నా మాట ఒకటే. టెక్నాలజీ లేక కాదు, కంపెనీలు ఒక మాట మీదకి రాకపోవడం వల్లే ఈ తిప్పలు. ఫోన్ ఛార్జర్ల విషయంలో యూరప్ చట్టం చేసి టైప్-సీ తప్పనిసరి చేసింది. టీవీకి కూడా అలాంటి గట్టి నియమం కావాలి.

అప్పటిదాకా మీరు ఒక పని చేయండి. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు టీవీ వెనక హెచ్‌డీఎంఐ కేబుల్ ఉందో లేదో చూడండి. ఉంటే సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేసి చూడండి. రెండు పరికరాల్లోనూ సీఈసీ ఉంటే అమ్మమ్మకి ఒక రిమోట్ తగ్గొచ్చు. పనిచేసిందో లేదో కామెంట్‌లో చెప్పండి. మళ్ళీ కలుద్దాం!