సిరీస్‌లో గంజాయి షాపు.. శంషాబాద్‌లో అయితే జైలే!

నెట్‌ఫ్లిక్స్ కామెడీ ‘డిస్‌జాయింటెడ్’ (2017) తొలి ఎపిసోడ్ నుంచే కథంతా లాస్ ఏంజెలెస్‌లోని గంజాయి షాపులోనే. ఓనర్ రూత్‌గా కేథీ బేట్స్ నవ్విస్తుంది. గుర్తుండిపోయేది మాత్రం సెక్యూరిటీ గార్డు కార్టర్.. ఇరాక్ యుద్ధం తాలూకు మానసిక గాయంతో బతికే మాజీ సైనికుడు. 20 ఎపిసోడ్లకే సిరీస్ ఆగిపోయింది.

అక్కడ లైసెన్సు షాపు, ఇక్కడ కేసు. పహాడీ షరీఫ్‌కి దగ్గర్లోని శంషాబాద్ ఎయిర్‌పోర్టులో బ్యాంకాక్ నుంచి తెచ్చే హైడ్రోపోనిక్ గంజాయి (మట్టి లేకుండా పెంచే రకం) తరచూ పట్టుబడుతోంది. ‘అక్కడ షాపులోనే కొన్నాం’ అంటే కుదరదు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం కిలో లోపు దొరికినా ఏడాది వరకు జైలు, లేదా రూ.10 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్లు. ‘బ్యాగు ఎవరో ఇచ్చారు, లోపల ఏముందో తెలీదు’ అన్నా సరే, ఆ మాట కోర్టులో నిరూపించుకోవాల్సింది ప్రయాణికుడే.