పిల్లి అడుగులు

1420 ప్రాంతంలో, నెదర్లాండ్స్‌లోని డెవెంటర్‌లో ఒక లేఖకుడు రాత్రి తెరిచిపెట్టిన పుస్తకం మీద పిల్లి ఉచ్చ పోసింది. ఆయన పేజీలో మిగతా భాగం వదిలేసి, అక్కడ పిల్లి బొమ్మ గీసి, వేళ్ళు చూపించి మరీ లాటిన్‌లో శాపనార్థాలు పెట్టాడు. పాపం, ఎలుకల భయానికి పిల్లిని తరిమెయ్యడమూ కుదరదు!

డుబ్రోవ్నిక్‌లో 1445 నాటి రిజిస్టర్ మీదైతే సిరా అడుగులు. 2011లో ఎమిర్ ఫిలిపోవిచ్ అనే చరిత్రకారుడి కంటపడ్డాయి. ఆ గుమాస్తా ఎంత తిట్టుకున్నాడో గానీ, పేజీ చింపెయ్యలేదు.

మా పిల్లి కీబోర్డ్ మీద నడిచి నా కోడ్‌లో పడేసిన అక్షరాల్ని నేను ఎప్పటికప్పుడు చెరిపేసేవాణ్ణి. నిరుడు అది పోయింది. గిట్‌లో ఏడేళ్ళ కమిట్లూ వెతికాను. ఒక్క అడుగూ లేదు.