చూపున్నవాళ్లు వెళ్లిపోయాక

ఇంగ్లండులోని చిన్న పట్టణాల మ్యూజియాలు ఎలా కుంగిపోయాయో చెప్పాలంటే, ముందు వాటికి దక్కిన కొద్దిపాటి మంచిరోజుల గురించి చెప్పాలి. 2001లో 'రినైసాన్స్ ఇన్ ది రీజియన్స్' అనే నివేదిక వచ్చింది. లండన్ బయటి మ్యూజియాలు, గ్యాలరీలు చాలాకాలంగా ఆదరణ లేక నీరసించాయని, సేకరణల లోతు తెలిసిన క్యూరేటర్లు తగ్గిపోతున్నారని ఆ నివేదిక దాచకుండా చెప్పింది. ఐదేళ్లకు 26 కోట్ల పౌండ్లకు పైగా కావాలని అడిగింది. తొలివిడతగా ప్రభుత్వం 7 కోట్లు ఇస్తానంది.

అడిగినదాంట్లో అది దాదాపు నాలుగో వంతు. అయినా దానికే ప్రాణాలు లేచొచ్చాయి. తొమ్మిది ప్రాంతాల్లో పెద్ద మ్యూజియాలు కొన్ని కలిసి కూటములయ్యాయి. పెద్దవి చిన్నవాటికి చేయందించాయి. కొత్త ఉద్యోగాలు వచ్చాయి, బడిపిల్లలు వచ్చారు. ఏళ్ల తరబడి తెరవని పెట్టెలు తెరుచుకున్నాయి.

క్యూరేటర్ అంటే బీరువాల తాళాలు దగ్గర పెట్టుకునే మనిషి అనుకునేవాళ్లు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు. ప్రెస్టన్‌లోని హారిస్ మ్యూజియం సంగతి చూడండి. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి మన దేశపు బట్టల నమూనాలు 700 సేకరించి, కత్తిరించి, 18 సంపుటాలుగా కట్టించాడు. మన అభిరుచి ఏమిటో బ్రిటన్ మిల్లులవాళ్లకు తెలిస్తే ఆ రకం బట్ట నేసి మనకే అమ్ముకోవచ్చని లెక్క. ఆ సంపుటాల సెట్టు ఒకటి ఆ మ్యూజియంలో ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో నేసిన బట్టలూ వాటిలో ఉన్నాయి. తెలియనివాళ్లకు అవి పాత గుడ్డపీలికలు. తెలిసిన మనిషి పడుగూ పేకా చూసి నూలు సన్నదనం చెబుతుంది, ఎరుపు చూసి చిరివేరు అద్దకమా కాదా అని ఆలోచిస్తుంది, అంచు చూసి ఏ సీమ మగ్గమో వెతుకుతుంది. మన నేతగాళ్ల పొట్ట కొట్టడానికి పనికొచ్చిన పుస్తకంలోనే వాళ్ల పనితనానికి సాక్ష్యం మిగిలింది. ఆ సాక్ష్యాన్ని చదివి చెప్పే మనిషి లేకపోతే ఉన్నా లేనట్టే. ఆ చూపు ఏడాది ప్రాజెక్టుతో రాదు. వస్తువుల మధ్యే ఉద్యోగజీవితం గడిపితే వస్తుంది. గ్రాంటు చేయాల్సిన అసలు పని ఆ మనిషిని అంతకాలం అక్కడ నిలబెట్టడం.

2010 జులైలో దెబ్బ పడింది. రినైసాన్స్ నిధులు నడిపిస్తున్న మ్యూజియాలు, గ్రంథాలయాలు, పురాపత్రాల మండలిని రద్దు చేస్తున్నట్టు కొత్త ప్రభుత్వం ప్రకటించింది. మ్యూజియాల బాధ్యత ఆర్ట్స్ కౌన్సిల్‌కు వెళ్లింది. 2012లో మండలి మూతపడింది, కూటములు చెదిరిపోయాయి. అదే సమయంలో స్థానిక కౌన్సిళ్ల నిధులకూ కోత పడింది. జీతం ఎక్కువని సీనియర్లను సాగనంపిన చోట, వాళ్ల అనుభవం కూడా వాళ్లతోనే గడప దాటింది. రిటైరయ్యే క్యూరేటర్లు తమకు తెలిసింది తర్వాతివాళ్లకు అప్పజెప్పేందుకు మాన్యుమెంట్ ట్రస్టు అనే దాతృసంస్థ డబ్బుతో ఫెలోషిప్పులు నడిచాయి. ఈ కథ మొత్తంలో నాకు అన్నిటికంటే మంచిదనిపించిన ఆలోచన అది. కానీ అప్పగింతకు అవతల పుచ్చుకునే మనిషి ఉండాలిగా!

ఆ తర్వాతి పతనం బజార్లోనే జరిగింది. నార్తాంప్టన్ మ్యూజియంలో సెఖెంకా అనే ఈజిప్టు రాజలేఖకుడి విగ్రహం ఉండేది. నాలుగు వేల ఏళ్లకు పైబడిన సున్నపురాతి శిల్పం. 2014 జులైలో స్థానిక కౌన్సిల్ దాన్ని వేలానికి పెట్టింది. ఒక కోటీ 57 లక్షల పౌండ్లు పలికింది. మ్యూజియాన్ని విస్తరించడానికే అమ్ముతున్నామన్నారు. గోడలు పెంచడానికి గోడల మధ్య ఉన్నదాన్ని అమ్ముకోవడం కంటే దైన్యం ఏముంటుంది? ఈజిప్టు అభ్యంతరం చెప్పింది, ఊళ్లో జనం నిరసన తెలిపారు. ఆర్ట్స్ కౌన్సిల్ ఆ మ్యూజియం గుర్తింపును ఐదేళ్లపాటు తీసేసింది. గుర్తింపుతో పాటు ఎన్నో గ్రాంట్లకు దరఖాస్తు పెట్టే అర్హతా పోయింది.

రెండేళ్లకు లాంకషైర్ కౌంటీ తన మ్యూజియాల్లో కొన్నిటిని మూసేసింది. వాటిలో బర్న్‌లీ దగ్గరి క్వీన్ స్ట్రీట్ మిల్లు ఉంది. ఆవిరి ఇంజను మీద నడిచే పందొమ్మిదో శతాబ్దపు నేతశాల అది. అలాంటిది ప్రపంచంలో మరొకటి మిగల్లేదని చెబుతారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఆ ఇంజనుకు 'పీస్' అని పేరు పెట్టుకున్నారు. అక్కడి మరమగ్గాలు అద్దాల పెట్టెలో ఉంచే వస్తువులు కావు. బాయిలరు వేడి, బెల్టుల బిగువు, తెగిన పోగు ముడి తెలిసిన చేతులుంటేనే అవి మ్యూజియం వస్తువులు, లేకపోతే ఉత్త ఇనుము. ఆ చేతుల్ని ఇంటికి పంపించారు.

2018లో మిల్లు తలుపులు మళ్లీ తీశారు, కొద్ది రోజుల చొప్పున. దానితో పాటే మూతపడిన, ప్రెస్టన్ పాత కోర్టు భవనంలోని లాంకషైర్ మ్యూజియానికి ఆ ఏడాది ఆ మాత్రం భాగ్యమూ దక్కలేదు. ఫెలోషిప్పులకు డబ్బిచ్చిన మాన్యుమెంట్ ట్రస్టు కూడా తన నిధులన్నీ పంచేసి అదే ఏడాది ముగిసిపోయింది.