పండుగ ఉపన్యాసం నుంచి తరగతి గదికి

పరిచయం

విజ్ఞానోత్సవాల్లో శాస్త్రవేత్తలు ఇచ్చే ఉపన్యాసాలను, వాటి వీడియోలను ఉపాధ్యాయులు నేడు తరగతిలో చూపిస్తున్నారు. ఇది కొత్త పద్ధతిగా కనిపించినా దీని వెనుక సుమారు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. సభలో చెప్పిన విషయం తరగతిలో పాఠంగా ఎలా మారుతుంది? లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్, మన దేశంలోని ‘సైట్’ ప్రయోగం ఆధారంగా ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

ఫారడే అనుభవం

మైకేల్ ఫారడే పేద కుటుంబంలో పుట్టి, పుస్తకాలకు బైండింగ్ చేసే పనిలో చేరాడు. 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నాడు. విని ఊరుకోలేదు. వాటిని బొమ్మలతో సహా రాసుకొని, బైండు చేసి డేవీకే పంపాడు. 1813లో అదే సంస్థలో సహాయకుడిగా చేరాడు. వినడం నేర్చుకోవడంగా మారాలంటే శ్రోత కూడా పని చేయాలని ఈ ఘటన తెలుపుతుంది.

ఈ సంస్థ 1825లో యువ శ్రోతల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు ప్రారంభించింది. 1827-1860 మధ్య ఫారడే 19 సార్లు వీటిని నిర్వహించాడు. వీటిలో కొవ్వొత్తిపై ఇచ్చిన 6 ఉపన్యాసాలు ప్రసిద్ధమైనవి. 1860-61లో ఆయన ఇచ్చిన ఈ ఉపన్యాసాలను విలియం క్రూక్స్ 1861లో పుస్తకంగా వెలువరించాడు. సభామందిరంలో చోటు దొరకనివారికి కూడా ఆ పాఠం చేరింది.

ఈ పాఠం నిలవడానికి ముఖ్యకారణం అందులోని సామగ్రి. కొవ్వొత్తి ప్రతి ఇంట్లో దొరికేదే. ఆర్పిన వత్తి నుంచి లేచే పొగకు నిప్పు చూపితే కొవ్వొత్తి మళ్లీ వెలుగుతుంది. మండేది మైనపు ఆవిరి అని విద్యార్థి స్వయంగా గ్రహిస్తాడు. మంట నుంచి వచ్చే వాయువు సున్నపు తేటను తెల్లగా మారుస్తుంది. మన ఊపిరి కూడా అదే చేస్తుంది. ఇలా మంట నుంచి శ్వాసక్రియ వరకు ఫారడే విద్యార్థిని నడిపించాడు.

టెలివిజన్, సైట్ ప్రయోగం

క్రిస్మస్ ఉపన్యాసాలు 1936లో తొలిసారి బి.బి.సి. టెలివిజన్‌లో వచ్చాయి. 1966 నుంచి క్రమంగా ప్రసారమయ్యాయి. 1977లో కార్ల్ సాగన్ గ్రహాల గురించి ప్రసంగించాడు. తరగతిలోకి తీసుకురాలేని గ్రహాలను దృశ్యం చూపగలిగింది. అయితే తెర ముందున్న విద్యార్థి వక్తను ప్రశ్నించలేడు.

ఈ లోటును గుర్తించిన ప్రయత్నం మన దేశంలో జరిగింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఏ.టి.ఎస్-6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇక్కడి గ్రామాలకు తెలుగులో ప్రసారాలు వచ్చాయి. ఉదయం పాఠశాల పిల్లలకు కార్యక్రమాలు ఉండేవి. విజ్ఞానశాస్త్ర బోధనలో ప్రాథమిక ఉపాధ్యాయులకు ఇచ్చిన శిక్షణలో టెలివిజన్‌తో పాటు రేడియో, ముద్రిత సామగ్రి, చేసి చూసే కృత్యాలు కూడా చేర్చారు.

ముగింపు

పుస్తకం, టెలివిజన్, వీడియో ఒక్కొక్కటీ ఉపన్యాసాన్ని మరింత దూరం చేర్చాయి. కానీ దాన్ని పాఠంగా మార్చేది ఉపాధ్యాయుడే. ప్రయోగ ఫలితం కనిపించేలోపే వీడియోను ఆపి ‘ఇప్పుడేం జరుగుతుంది?’ అని అడగాలి. జవాబులు రాయించి, వీలైన ప్రయోగాన్ని తరగతిలో చేయించాలి. ప్రయోగశాల లేని పాఠశాలలో ఇది మరింత అవసరం. లేకపోతే పిల్లలకు వినోదం మిగులుతుంది, విషయం మిగలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫారడే కొవ్వొత్తి ఉపన్యాసాలు మంచి బోధనా వనరుగా నిలవడానికి కారణాలేవి?
2. ఉపాధ్యాయ శిక్షణలో టెలివిజన్‌కు ఇతర సాధనాలను ఎందుకు జోడించాలి? చర్చించండి.