జమాఖర్చుల చదువు: పద్దు రాయడం ఒకటి... లెక్క తేల్చడం మరొకటి

బీకాంలో చేరిన విద్యార్థిని మొదట పలకరించేవి డెబిట్, క్రెడిట్ అనే రెండు మాటలు. ఇంటర్‌లో సీఈసీ చదివినవారికి ఇవి పాత చుట్టాలే. ఎంపీసీ, బైపీసీల నుంచి వచ్చినవారు కొన్నాళ్లు తడబడటం కద్దు. అయితే అసలు చిక్కు అక్కడ లేదు. తరువాతి సెమిస్టర్లలో ఎదురయ్యే వ్యయ, నిర్వహణ గణకశాస్త్రాల వద్ద ఉంది. మొదటి ఏడాది ఆర్థిక గణకశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్నవారు సైతం ఇక్కడ చతికిలపడుతుంటారు. తెలివి చాలక కాదు. రెండు శాస్త్రాలు అడిగే ప్రశ్నలే వేరు.

ఆర్థిక గణకశాస్త్రం జరిగిపోయినదాన్ని నమోదు చేస్తుంది. బ్యాంకు, పన్నుల శాఖ, వాటాదారులు వంటి బయటివారికి సంస్థ పరిస్థితిని చూపడం దాని పని. ఇందుకు ఆధారమైన జంట పద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణిత గ్రంథంలో లూకా పాచియోలీ వివరించారు. ఆయన దాన్ని కనిపెట్టలేదు. ఇటలీ వర్తకులు అప్పటికే పాటిస్తున్న పద్ధతిని గ్రంథస్థం చేశారు. చిట్టా, ఆవర్జా, అంకణా, లాభనష్టాల ఖాతా, ఆస్తి అప్పుల పట్టీ అనే వరుస నేటికీ అదే. కంప్యూటర్ ఈ వరుసను క్షణాల్లో పూర్తిచేస్తుంది గానీ, ఒక ఖర్చును యంత్రం విలువలో కలపాలా, మరమ్మతుల కింద రాయాలా అన్నది మనిషే తేల్చాలి. అంకణా కుదిరినంత మాత్రాన లెక్కలన్నీ సరైనవని అనుకోవడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు. అసలు నమోదే కాని వ్యవహారాన్ని అంకణా పట్టుకోలేదు.

బ్యాంకు నిల్వల సమన్వయ పట్టీని చిన్న పాఠమని వదిలేసేవారూ ఉన్నారు. పుస్తకాల్లో చూపిన నిల్వ నిజంగా బ్యాంకులో ఉందా అని సరిచూడటమే ఆ పాఠం సారం. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు 2009 జనవరి 7న డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని అంగీకరించారు. దేశాన్ని కుదిపిన ఆ కుంభకోణం తెలిసిన విద్యార్థి ఈ పాఠాన్ని తేలిగ్గా తీసుకోడు.

నిర్వహణ గణకశాస్త్రం దృష్టి లోపలివైపు. యజమాని రేపు ఏం చేయాలన్నదే దాని ప్రశ్న. ఉదాహరణకు ఒక పచ్చళ్ల తయారీ కేంద్రాన్ని తీసుకుందాం. సీసా అమ్మకం ధర 200 రూపాయలు. మామిడికాయలు, నూనె, కారం, సీసా కలిపి ఒక్కోదానికి చరవ్యయం 140. షెడ్డు అద్దె, జీతాల రూపంలో నెలకు స్థిరవ్యయం 30,000. సీసాకు మిగిలే 60 రూపాయలను కంట్రిబ్యూషన్ అంటారు. 30,000ను 60తో భాగిస్తే 500. అంటే 500 సీసాలు అమ్మితే లాభమూ లేదు, నష్టమూ లేదు. ఇదే బ్రేక్ ఈవెన్ బిందువు.

ఆ కేంద్రం నెలకు 600 సీసాలు అమ్ముతోందనుకుందాం. సగటున సీసాకు 190 రూపాయలు ఖర్చవుతోంది. ఇంతలో ఒక హోటల్ యజమాని వచ్చి, ఒక్కోటి 160 చొప్పున అయితే అదనంగా 100 సీసాలు తీసుకుంటానన్నాడు. మొదటి ఏడాది పాఠం పట్టుకున్న విద్యార్థి సీసాకు 30 రూపాయల నష్టమని తిరస్కరిస్తాడు. కానీ అద్దె, జీతాలు ఈ గిరాకీ ఉన్నా లేకున్నా కట్టవలసినవే. అదనంగా అయ్యేది 140 మాత్రమే. సీసాకు 20 చొప్పున 2,000 రూపాయలు మిగులుతాయి. నెల లాభం 6,000 నుంచి 8,000కు పెరుగుతుంది. అయితే పాత ఖాతాదారులూ 160కే ఇవ్వమని పట్టుబడితే, లేదా కొత్త మనిషిని పెట్టుకోవలసి వస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. ప్రశ్నపత్రంలో మార్కులు దక్కేది ఈ షరతులు రాసినవారికే. సూత్రం కంఠస్థం చేసినవారు 500 దగ్గరే ఆగిపోతారు.

గ్రామీణ విద్యార్థులకు భాష మరో అడ్డంకి. తెలుగు అకాడమి పుస్తకాల్లో చిట్టా, ఆవర్జా, అంకణా వంటి మాటలు స్థిరపడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ ప్రవేశాలు ఆంగ్ల మాధ్యమంలోకి మారడంతో, తెలుగులో ఇంటర్ చదివినవారు అదే విషయాన్ని కొత్త పేర్లతో మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. రెండు భాషల పదాలనూ పక్కపక్కనే రాసుకున్న ఒక చిన్న నోటుపుస్తకం ఇక్కడ పెద్ద గైడు కన్నా ఎక్కువ ఉపకరిస్తుంది.

డిగ్రీ తరువాత దారులూ ఈ రెండు శాస్త్రాలను అనుసరించే ఉన్నాయి. ఆడిట్ వైపు మొగ్గేవారు సీఏకు వెళతారు. కామర్స్ పట్టభద్రులు 55 శాతం మార్కులు సాధిస్తే ఫౌండేషన్ పరీక్ష లేకుండా నేరుగా ఇంటర్మీడియట్ దశలో నమోదు కావచ్చు. వ్యయ నిర్వహణపై ఆసక్తి ఉన్నవారికి సీఎంఏ ఉంది. పాత తరం ఐసీడబ్ల్యూఏ అని పిలిచే కోర్సు ఇదే. 2012లో సంస్థ పేరు మారింది. ఇందులోనూ పట్టభద్రులకు నేరుగా ఇంటర్మీడియట్ ప్రవేశం లభిస్తుంది.